సుత్తి దించని రోజు

ఆగస్టులో మా సభకు కోరం ఉండదు. నియమాల పుస్తకం ప్రకారం సరిపడా సభ్యులు లేరని దానర్థం. నా అర్థం వేరు. మేమేదీ కోరం. యుద్ధం కావాలనీ కోరం, వద్దనీ కోరం. ఏదో ఒకటి కోరితే రేపు ఓటర్లకు జవాబు చెప్పాలి. అంతకంటే సముద్రపు ఒడ్డున కాళ్ళు ఇసుకలో పూడ్చుకుని కూర్చోవడం హాయి కదా.

నా పేరు క్లెమెంట్ హాడవే. మేరీలాండ్ తూర్పు తీరం వాళ్ళు నన్ను గెలిపించి గెలిపించి వాషింగ్టన్‌లోనే ఉండిపోయేలా చేశారు. పీతలు పట్టేవాళ్ళూ కోళ్ళు పెంచేవాళ్ళూ నాకెందుకు ఓటేస్తారంటే, నా గొంతు చూసి. రేవు ఈ చివర నిలబడి పలకరిస్తే ఆ చివర పడవలో నిద్రపోయేవాడు లేచి కూర్చుంటాడు. మైకు లేకుండానే అంత. ఇక మైకు దొరికితే నాకు మైకమే.

నా భార్య గ్రెచెన్ నన్నొదిలేసింది అక్టోబరులో. చెట్ల ఆకులూ నా విడాకులూ ఒకే వారంలో రాలాయి. అప్పట్నుంచి ఆఫీసు గదిలో సోఫాయే నా కొంప. స్నానానికి నేలమాళిగలో సభ్యుల వ్యాయామశాల, తిండికి క్యాంటీను. సోఫాల మీద పడుకునే సభ్యులు ఇంకా చాలామందే ఉన్నారు లెండి. వాళ్ళు శుక్రవారం సాయంత్రానికి పెట్టె సర్దుకుని ఇంటికెళ్తారు. నేను శుక్రవారం సాయంత్రానికి సోఫా మీద దుప్పటి మారుస్తాను.

మిగతా నెలల్లో ఫర్వాలేదు. నా జోకుకి మొహం చిట్లించడానికైనా ఎవరో ఒకరు ఎదురవుతారు. ఆగస్టులో ఆ పాలరాతి నడవాల్లో నా బూట్ల కిర్రు తప్ప వేరే చప్పుడుండదు. ఒకసారి లిఫ్టులో అద్దంతో అన్నాను, “ఇక్కడ పైకి రావడం సులువే, పైకొచ్చాక పలకరించేవాడే ఉండడు” అని. అద్దంలో వాడికి నవ్వు రాలేదు. నాకంటే తెలివైనవాడు.

ఆ ఏడు జూన్లో అధ్యక్షుల వారు ఒక దూరపు తీరం మీద దాడికి ఓడల్ని పంపారు. మమ్మల్ని అడక్కుండానే. కాల్చాక చెప్పారు. చట్టం ఆ మాత్రానికి ఒప్పుకుంటుంది. కాకపోతే రెండు నెలల్లోపు మా సభలు సరేననాలి, లేదా ఓడలు వెనక్కి రావాలి. యుద్ధం చెయ్యాలా వద్దా అన్న మాట మాది, చేసే చెయ్యి ఆయనది. ఆ గడువు ఆగస్టు మూడో వారంలో తీరుతుంది. అది తెలిసి మేమేం చేశాం? జూలై చివర్న ఇళ్ళకెళ్ళిపోయాం. నాది అధ్యక్షుల పక్షమే, అయినా చెప్తున్నాను, వెళ్ళడంలో రెండు పక్షాలూ ఏకపక్షం. సభకు మాత్రం పక్షవాతం.

“యుద్ధం గురించి సభ ఏం సెలవిచ్చింది?” అని విలేకరులు అడిగారు.

“సెప్టెంబరు దాకా సెలవే ఇచ్చింది,” అన్నాను.

నవ్వారు. రాసుకున్నారు. వాళ్ళూ సెలవు పెట్టి వెళ్ళిపోయారు.

అప్పుడు ఏమోస్ బ్రాడ్‌షా గారు ఫోన్ చేశారు. మా ఊరి రేవులో పీతలు పడతారాయన. మా నాన్న ఈడువారు. ఆయన కూతురు టామ్సిన్ ఆ దూరపు తీరం దగ్గర నిలబెట్టిన ఓడల్లో ఒకదాని మీద క్షిపణులు ఎక్కించే పని చేస్తోంది.

“క్లెమ్మూ, మా పిల్ల ఉన్న ఓడ మళ్ళీ కాల్చిందట. టీవీలో చూపించారు.”

“చూశానండీ.”

“నువ్వు సరేనన్నావా?”

“నన్నెవరూ అడగలేదండీ.”

“పోనీ, వద్దన్నావా?”

“అదీ ఎవరూ అడగలేదు.”

“అడిగితేనే మాట్లాడే మనిషివి ఎప్పట్నుంచి అయ్యావు నువ్వు? మా పెద్దదాని పెళ్ళిలో ఎవరడిగారని లేచావు? కేకు కరిగి కారిపోయే దాకా కూర్చోలేదు.”

ఆయన వెనకాల పడవ ఇంజను టకటకలాడుతోంది.

“చూడు నాయనా. పిల్లకి ఆర్డరొస్తే చేస్తుంది. అది దాని పని, నేనేమీ తప్పుపట్టను. తుపాకీ ఉన్నవాళ్ళు తుపాకీ లేనివాళ్ళ మాట వినాలని దానికి చేరిన రోజే నేర్పారట. ఆ లేనివాళ్ళెవరే అంటే, మీ క్లెమ్ లాంటివాళ్ళు అంది. మొన్న ఫోన్లో అడిగింది, ‘నాన్నా, మా గురించి అక్కడ ఎవరైనా లేచి అడిగారా?’ అని. ఏం చెప్పను?”

“ఏం చెప్పారు?”

“సిగ్నలు సరిగా లేదన్నాను.” మళ్ళీ ఇంజను చప్పుడు. “మీరు యుద్ధం ఆపుతారని నేనేం అనుకోవట్లేదు. ఒకడు లేచి అడిగాడు, అది పుస్తకంలో ఎక్కింది, అని దానికి చెప్పుకోవాలి. అంతే.”

నాకు అప్పజెప్పిన పనుల్లో ఇంత చిన్నది ఇంకోటి లేదు. అడగాలి, ఆ అడిగింది రికార్డుకెక్కాలి. సరేనన్నాను.

మూడు రోజులకు మించి సభ మూసి ఉంచకూడదని మా రాజ్యాంగం. అందుకని సెలవుల్లో కూడా రెండు మూడు రోజులకోసారి ఉత్తుత్తి సభ పెడతాం. ఒక సభ్యుడు పీఠమెక్కుతాడు. వెండి గ్రద్ద ఉన్న దండాన్ని రాతి దిమ్మె మీద నిలబెడతారు. పాదిరీ ప్రార్థన చేస్తాడు, జెండాకు వందనం చేస్తారు, సుత్తి ఠాప్‌మని పడుతుంది, దండం దిగుతుంది, అయిపోయింది. కోడిగుడ్డు ఉడికే లోపు ప్రజాస్వామ్యం ఉడికిపోతుంది.

ఆ సుత్తి ఎప్పుడూ డోరీన్ టిల్లట్సన్‌కే పడేది. నది దాటితే వర్జీనియాలో ఆమె ఇల్లు. దగ్గరున్నవాళ్ళకే చాకిరీ. మేమిద్దరం ఒకే ఏడు సభకొచ్చాం. నేను జోకు మొదలుపెట్టక ముందే మొహం చిట్లించగల మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. ప్రతి ఉత్తుత్తి సభ తరవాతా ఆమె క్యాంటీనుకొచ్చి నాతో చిక్కుడుగింజల సూపు తాగి ఇంటికెళ్ళేది. ఆగస్టులో నాకు పండగలంటే అవే.

మా దగ్గర ఇంకో ఆనవాయితీ ఉంది. పీఠం మీదున్నవాళ్ళు ‘ఫలానా సభ్యుడు ఎందుకు లేచారు?’ అని అడిగితేనే ఆ సభ్యుడు ఉన్నట్టు. అడక్కపోతే నిలబడ్డా లేనట్టే. మైకు వెలగదు, కెమెరా తిరగదు, పుస్తకంలో పేరుండదు. ఉత్తుత్తి సభలో పక్షాల నాయకుల అనుమతి లేకుండా పీఠం ఎవర్నీ చూడదు. ఎంత లావుపాటివాడు నిలబడినా సరే.

నేను నిలబడ్డాను. పసుపుపచ్చ టై కట్టుకుని, పీఠానికి సూటిగా, ముందు వరస మైకు దగ్గర. డోరీన్ నా తల మీదుగా వెనక గోడ గడియారం చూసింది. ఠాప్.

క్యాంటీన్లో నా ఎదురుగానే కూర్చుంది.

“ఏం డోరీన్, సభలో ఇవాళ ఎవరైనా కనపడ్డారా?”

“పాదిరీ గారు. గుమాస్తాలు.”

“పసుపు టై కట్టుకున్న ఒక అందగాడు?”

“ఆ హాల్లో దెయ్యాలున్నాయంటారు. నేను నమ్మను.”

“సభలో చూపు లేకపోయినా క్యాంటీన్లో సూపుంది, అదే పదివేలు. ఆ దెయ్యానికి కాస్త ఉప్పందించు.”

ఉప్పు నా వైపు తోసి, చెంచా కింద పెట్టింది.

“నన్నిందులోకి లాగకు క్లెమ్. మా వీధిలో సగం ఇళ్ళు సైన్యంవాళ్ళవి.”

“అందుకే కదా అడగాలి.”

“అందుకే అడక్కూడదు. అడిగితే ఓటు పెట్టాలి. ఓటు పెడితే సగం వీధి నా మొహం చూడదు. ఏ సగమో ముందు తెలీదు.”

“ఓటు పెట్టమనట్లేదు. నన్ను చూడమంటున్నానంతే.”

“నిన్ను చూస్తే నాయకులు నా కమిటీ పదవి పీకేస్తారు. పదేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్నాను దాన్ని. సూపు తాగు, చల్లారిపోతోంది.”

తరవాతి సభలో మైకు నమ్ముకోలేదు. దేవుడిచ్చిన గొంతుంది కదా అని పీఠం వైపు తిరిగి అరిచాను. డోరీన్ ఉలిక్కిపడింది, కానీ చూడలేదు. సుత్తి మామూలుకంటే తొందరగా పడింది. ఆ రోజు సూపుకి రాలేదు. నేనే రెండు గిన్నెలు తెచ్చి పెట్టుకుని, ఒకటి తాగాను.

“టీవీలో నీ గొంతులాంటిది వినపడింది,” అన్నారు ఏమోస్ గారు. “సుత్తి కింద ఎవరో దగ్గుతున్నట్టు. ఎక్కిందా పుస్తకంలో?”

“లేదండీ.”

“ఫర్వాలేదులే. సిగ్నలు ఇంకా బాగవలేదు.”

ఆ తరవాత స్పీకరు గారి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. టిల్లట్సన్ గారికి వీలుపడదట, శుక్రవారం పీఠం నేనెక్కాలట. సంబరం పట్టలేక లిఫ్టులో అద్దానికి చెప్పేశాను: “జీవితమంతా నోటితో సుత్తి కొట్టినవాడికి చేతికి సుత్తిచ్చారురా!” ఉన్నవాటిలో మంచి కోటు ఇస్త్రీ చేసుకున్నాను. గడువు ఆ తరవాతి మంగళవారమే. పీఠం మీంచే అడిగేస్తాను, నన్నెవడు చూడకుండా ఉంటాడో చూస్తాను.

పీఠమెక్కి కూర్చున్నాక పక్కన నియమాల అధికారి లోరిమర్ గారు చెవిలో చెప్పారు. ఆయన గొంతు ఎప్పుడూ గుడ్డలో చుట్టినట్టుంటుంది.

“పీఠం ఏదీ అడక్కూడదు సార్. అడిగినవాళ్ళని చూడటమే పీఠం పని.”

“అడిగేవాళ్ళేరీ?”

లోరిమర్ గారు హాలంతా కలియజూశారు. నేనూ చూశాను. నాలుగు వందల పైచిలుకు కుర్చీలు, తోలు గోధుమరంగుది, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. చూసే అధికారం నాకొచ్చిన రోజు చూడటానికి ఎవరూ లేరు. నా నోరు మూయించడానికి గౌరవం ఇచ్చారు. శాలువా కప్పి గొంతు నొక్కడం అంటే ఇదే. నా చేత్తో నా ఇస్త్రీ నేనే చేసుకొచ్చాను.

పాదిరీ గారి ప్రార్థన అయింది. జెండా వందనం అయింది.

“సార్, ఇప్పుడు సుత్తి,” అన్నారు లోరిమర్ గారు.

సుత్తి చేతిలో ఉంది. నల్లగా, నున్నగా, అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది.

“లోరిమర్ గారూ, కొట్టకపోతే ఏమవుతుంది?”

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఇన్నేళ్ళ కొలువులో ఆయన్నెవరూ అడగని ప్రశ్న కాబోలు, మొహంలో కొంచెం కళ కూడా వచ్చింది.

“సభ నడుస్తూనే ఉంటుంది సార్.”

“ఎంతసేపు?”

“మీరు కూర్చున్నంతసేపు.”

“నన్ను దించాలంటే?”

“ఇంకో సభ్యుడొచ్చి పీఠం తీసుకోవాలి సార్. మేమెక్కకూడదు.”

సుత్తిని ఒళ్ళో పెట్టుకున్నాను.

కాసేపటికి మెట్ల కింద గుమాస్తాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. ఎక్కడో తలుపు వెనక ఫోను మోగింది. ఇంకోటి. లోరిమర్ గారు వెళ్ళి, వచ్చి, “స్పీకరు గారు పడవలో ఉన్నారట సార్. చేపలు పడుతున్నారు. చాలా కోపంగా ఉన్నారట,” అన్నారు.

“చేపల మీదా?”

“అది చెప్పలేదు సార్.”

ఆ తరవాత ఎవరూ ఏమీ అనలేదు. పీఠం మీంచి నేనేం అడిగినా పుస్తకంలో కోరికగా ఎక్కదు కాబట్టి నేనూ ఏమీ అనలేదు. పుట్టి బుద్ధెరిగాక అంతసేపు ఊరుకున్నది అదే. కుర్చీలు చూస్తూ కూర్చున్నాను. మూడో వరస చివర్న కమలాపళ్ళు ఒలుచుకునే ఆయన కుర్చీ. దాని వెనక, ప్రతి ప్రసంగానికీ నిద్రపోయి సరిగ్గా చప్పట్లకు లేచే ఆమె కుర్చీ. నా కుర్చీ పక్కకి జరిగి, స్తంభం పక్కన. అక్కణ్ణుంచి నేను వేసిన జోకులన్నీ ఈ పీఠానికి ఇలా, ఇంత చిన్నగా వినపడి ఉంటాయన్నమాట. టామ్సిన్ ఓడ మీద ఇప్పుడు రాత్రా, పగలా? లెక్క వెయ్యబోయాను, రాలేదు. దానికి తోడు పొద్దున్న తాగిన కాఫీ. పెద్ద గొంతు ఇచ్చిన దేవుడు మూత్రాశయం దగ్గర పొదుపు చేశాడు. కాలు మీద కాలేసుకున్నాను. తీసి, ఇంకో కాలు వేసుకున్నాను.

చివరికి వెనక తలుపు తెరుచుకుంది. డోరీన్. ఈతకొలను నుంచి సరాసరి వచ్చినట్టుంది. తడి జుట్టు, పూలగౌను మీద నల్లకోటు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఆ పొడుగు దారంతా చెప్పులు చప్‌చప్‌మంటూ నడిచొచ్చి, పీఠం మెట్లెక్కి, నా చెవి దగ్గర వంగింది.

“దిగు.”

“నిన్ను పంపారా?”

“ఇంకెవరున్నారు? అందరూ సముద్రాల దగ్గరున్నారు.”

“టామ్సిన్ బ్రాడ్‌షా కూడా సముద్రం మీదే ఉంది.”

“ఎవరామె?”

“పీతలాయన కూతురు. మన మాట కోసం చూస్తోంది. మన సిగ్నలు బాగోలేదట.”

డోరీన్ జుట్టులోంచి ఒక నీటిచుక్క నా కోటు చేతి మీద పడింది.

“దిగు క్లెమ్. నువ్వు కూర్చున్న తీరు చూస్తే నీకు అర్జంటు పనున్నట్టుంది.”

“ఉంది.”

“మరి పో.”

“దిగుతాను. పోను. ఆ మైకు దగ్గరికెళ్తాను.”

సుత్తి ఆమె చేతిలో పెట్టి మెట్లు దిగాను. ఎక్కినప్పటికంటే మెట్లు ఎక్కువున్నట్టనిపించింది. ముందు వరస మైకు దగ్గర నిలబడి పైకి చూశాను. ఈసారి అరవలేదు. నిలబడ్డాను, అంతే. డోరీన్ నా తల మీదుగా గడియారం చూసింది. లోరిమర్ గారు పైకప్పు చూశారు. సుత్తి పైకి లేచింది.

అక్కడ ఆగింది. ఆమె ఇంకో చేత్తో కళ్ళజోడు తీసి, గౌను అంచుకి తుడుచుకుని పెట్టుకుంది.

“మేరీలాండ్ సభ్యుడు ఎందుకు లేచారు?”

మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. లోరిమర్ గారి తల గబుక్కున కిందికి దిగింది. ఈ ఘడియ కోసమని ఎన్ని చమత్కారాలు దాచుకున్నానో, ఒక్కటీ నోటికి రాలేదు.

“సభ్యులందర్నీ వెనక్కి పిలిచి, ఈ యుద్ధం సాగాలా ఆగాలా అన్నదాని మీద ఓటు పెట్టాలని కోరుతున్నాను.”

ఆ ఖాళీ హాల్లో అది నా గొంతులా లేదు. మామూలు మనిషి గొంతులా ఉంది.

లోరిమర్ గారు ఆమె చెవిలో ఏదో చెప్పారు. ఆమె వింటూ నన్నే చూస్తోంది.

“రెండు పక్షాల నాయకుల సమ్మతి లేనిదే పీఠం ఈ కోరికను స్వీకరించలేదు,” అంది. తరవాత కొంచెం ఆగి, “కోరిక రికార్డులో ఉంటుంది,” అంది.

ఠాప్. గ్రద్ద దిగింది.

మరుగుదొడ్డి నుంచి పరుగున క్యాంటీనుకెళ్ళి రెండు గిన్నెలు తెచ్చి కూర్చున్నాను. రెండింటి మీదా మీగడ కట్టింది.

ఏమోస్ గారు ఫోన్ చేశారు.

“కాదన్నారండీ,” అన్నాను.

“విన్నాను. కాదనడానికైనా అడగాలి కదా, అడిగావు. నీ పేరూ, నిన్ను చూసిన ఆవిడ పేరూ ఎక్కుతాయా?”

“ఎక్కుతాయి.”

“పిల్లకి చెప్తాను. సిగ్నలు బానే ఉంది ఇవాళ. అవునూ, ఆవిడ తల తడిసిందేం?”

“ఈతకొలనులో ఉంటే రప్పించారు.”

“పాపం. జలుబు చేస్తుంది, తుడుచుకోమను.”

ఆ మాట చెప్దామని డోరీన్‌కి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. జలుబు సంగతి ఒక్కటే సందేశంగా రికార్డు చేసి పెట్టేశాను, జోకేమీ కలపకుండా. సాయంత్రం సోఫా మీద దుప్పటి మార్చాను.

మంగళవారం గడువు గడిచింది. ఓడలు వెనక్కి రాలేదు. డోరీన్ కమిటీ పోయిందని పేపర్లో చదివాను. అనారోగ్యం వల్ల తనే తప్పుకుందని రాశారు. నా కమిటీ జోలికెవరూ రాలేదు. అది తపాలా బిళ్ళలది.

తరవాతి సభకి ఒహాయో నుంచి ఒకాయన్ని విమానంలో దింపారు. ముక్కు మీద ఎండకి తోలు లేచిపోయి ఉంది, కోపం కూడా ఉంది. నేను మళ్ళీ మైకు దగ్గర నిలబడ్డాను. ఆయన నా తల మీదుగా గడియారం చూశాడు. ఠాప్.

క్యాంటీన్లో ఒక్క గిన్నె తెచ్చుకున్నాను. సూపు చప్పగా ఉంది. ఉప్పు బల్లకి ఆ చివరుంది. లేచి వెళ్ళి తెచ్చుకున్నాను.